పెద్ద దొరసాని అనుమతి

మా దివాణంలో బతికున్న ఆడదాని మాటకు పూచికపుల్ల విలువ లేదు. చచ్చిందంటే మాత్రం బ్రహ్మాండంగా చెల్లుతుంది. మా మామగారి నాయనమ్మను అందరూ పెద్ద దొరసాని అంటారు. ఆవిడ మేడమీది గదిలో పోయి నలభై ఏళ్ళయింది. ఇప్పటికీ తొలి విస్తరి ఆ గదికే వెళ్ళాలి. ఏడాదికోసారి ఆవిడ మా అత్తగారు కోటేశ్వరమ్మ మీదికి వస్తుంది. ఆ పూట ఏమంటే అది జరిగి తీరాలి. అత్తగారి సొంత తమ్ముడి మీద గురజాల కోర్టులో వేసిన దావాను పెద్ద దొరసాని వద్దంటే, మామగారు మారుమాట్లాడకుండా మానుకున్నారు. ఇంత చోద్యం ఎక్కడైనా ఉందా?

నేను రంగనాయకమ్మను, ఆ ఇంటి కోడలిని. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త విషజ్వరంతో పోయాడు. ఆ తర్వాత మూడేళ్ళు నన్ను వెనక వసారా దాటనివ్వలేదు. మాచర్ల వైపు జమీందారు కొడుకు సుందరరావుగారు కోర్టు పనిమీద వచ్చినప్పుడల్లా మా ఇంట్లో దిగేవారు. ఆయన చదివి వదిలేసిన పత్రికలు నాదాకా వచ్చేవి. వాటి అంచుల్లో నేను పెన్సిలుతో తగువు రాసి పంపేదాన్ని, ఆయన జవాబు రాసేవారు. యుద్ధం ముగిసేనాటికి తగువు కాస్తా ప్రేమయింది. దాచడమెందుకు, ఆయనంటే నాకు ప్రాణం.

నలభై ఆరులో ఆయనొచ్చి, నన్ను పెళ్ళి చేసుకుంటానని మామగారిని అడిగారు. "పెద్ద దొరసాని ఏమంటదో చూద్దాం" అన్నారు మామగారు. నా పెళ్ళి గురించి చచ్చినవాళ్ళను కూడా అడుగుతారట, నన్ను తప్ప. ఒళ్ళు మండిపోయింది.

"మీరూ జుట్టు ఇరబోసుకొని ఊగండి దొరసానీ. ఒక్క ముక్కతో అయిపోద్ది" అని పనిమనిషి మల్లమ్మ చెవిలో చెప్పింది. సరే అనుకున్నాను.

మర్నాడే పెద్ద దొరసాని వచ్చే రోజు. పొద్దున అందరూ హాల్లో చేరారు. అత్తగారికంటే ముందే నేను జుట్టు విప్పి ఊగాను. హారతి వచ్చింది. మామగారంతటివారు నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించారు.

"ఏం కావాలి తల్లీ? నోరిప్పి చెప్పు."

మూడేళ్ళలో ఆ ముక్క నన్నెవరూ అడగలేదు. ఇప్పుడైనా అడిగింది నన్ను కాదు. ఊగడం ఆపేశాను.

"నేను రంగనాయకమ్మను మామగారూ. సుందరరావుగారిని పెళ్ళాడాలనుంది."

"నువ్వేనా" అని ఆయన లేచి పంచె దులుపుకున్నారు. "లోపలికి పో."

సుందరరావుగారు దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు. "పెద్ద దొరసానినని ఒక్కమాట అంటే ఏం పోయేది రంగా?"

"రేపు మీ ఇంట్లోనూ నా మాట వినాలంటే నాకు దయ్యం పట్టాలా?"

"తప్పయిపోయింది" అని, ఆయన అందరి ముందూ నా చెయ్యి పట్టుకున్నారు. "పద, బండి కట్టే ఉంది."

అత్తగారు వీధి తలుపుకు అడ్డం నిలబడ్డారు. "పెద్ద దొరసాని ఊరుకోదే. వంశం నాశనమైపోద్ది."

"అత్తయ్యా, మీరు ఊగకుండా ఏదైనా చెబితే ఈ ఇంట్లో ఒక్కరైనా విన్నారా?"

ఆవిడ చెయ్యి తలుపు మీదికి వెళ్ళి ఆగింది.

"ఏందే చూస్తున్నావ్? తలుపెయ్యి" అని వెనకనుంచి మామగారు అరిచారు.

ఆవిడ తలుపు వెయ్యలేదు. పక్కకు జరిగి మాకు దారిచ్చారు.

"పిల్లను పోనీండి" అన్నారు మామగారితో. "పెద్ద దొరసాని కాదు. నేను చెబుతున్నా."