ఆరో అంతస్తులో మాంత్రిక మండలి

బోరబండ నుంచి మాదాపూర్‌కు షేర్ ఆటోలో ఇరుక్కుని రావడం, లిఫ్టు కోసం నిలబడటం, చాయ్ కప్పు పక్కన పెట్టుకుని కంప్యూటర్ తెరవడం. నవనీతకు రోజూ ఇలాగే తెల్లవారేది. సకల జనుల సమ్మెతో బస్సులూ రైళ్లూ ఆగిపోయాక ఆటో దొరకడం కూడా గగనమైంది. అయినా ఒక్కరోజు నాగా పెట్టలేదు.

వాళ్ల కంపెనీ చేస్తున్న కంప్యూటర్ ఆటలో ఒక రాజ్యం ఉంది. దాన్ని ఏడుగురు మాంత్రికుల మండలి ఏలుతుంది. ఆట తయారీ చివరికొచ్చిన రోజుల్లో ఆ ఏడుగురూ ఆటలోంచి వచ్చి ఆరో అంతస్తు మీటింగ్ రూములో కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. మీటింగులు క్యాంటీన్‌కు మారాయి. హౌస్‌కీపింగ్ ఓదెలు వాళ్లకు కూడా చాయ్ ఇచ్చి, గడ్డాలు పక్కకు జరిపి బల్ల తుడిచి పోయేవాడు.

తలుపు బయట యాదమ్మ కూర్చునేది. ఆటలో కొండల మీది ఊళ్ల తరఫున మండలిని బతిమాలుకోవడానికి వచ్చే ముసలావిడ ఆమె. "మా గట్టు మీద పుట్టిన ఏరును మళ్లించుకపోయిండ్రు. మా నీళ్లు మాకియ్యుండ్రి." ఆమె అడిగేది అంతే. ఆ మాటలు రాసింది నవనీతే. జనగామలో వాళ్ల అమ్మమ్మ మాట్లాడినట్టే రాసింది. చిన్న కంపెనీ కాబట్టి రాసిన ఆటను ఆడి పరీక్షించడం కూడా ఆమె పనే.

ఎన్ని దారుల్లో ఆడినా మండలి జవాబు ఒకటే: "పరిశీలిస్తాం." యుద్ధం గెలిచి వచ్చినా అదే, కాళ్ల మీద పడ్డా అదే.

"ఇది తప్పు సార్. ఎవరేం జేసినా తీర్పు రాకుంటే ఎట్ల?" అని మేనేజర్ పార్థసారథిని అడిగింది.

"తప్పు కాదండి నవనీత గారూ. క్లయింటే అలా కావాలన్నాడు. అది తేలిపోతే ఇక ఆడటానికేముందండి? అన్నట్టు, ఆ ముసలావిడ భాష కాస్త మార్చండి. వినేవాళ్లు నవ్వుతున్నారు."

"నవ్వెటందుకు రాయలే సార్."

"నాకు తెలుసండి. నా చేతుల్లో ఏముంది చెప్పండి?"

ఆయన చెడ్డవాడు కాదు. అదే ఆమెకు మరీ ఒళ్లుమండించింది. తిట్టడానికి ఒక్క మనిషీ దొరకడు.

ఆయన గదిలోంచి బయటికి వస్తే మీటింగ్ రూము తలుపు దగ్గర యాదమ్మ తలెత్తింది. "ఏమన్న తేలిందా బిడ్డా?"

రోజూ అడిగేదే. ఆ రోజు మాత్రం లేదని చెప్పడానికి నవనీతకు నోరు రాలేదు. సర్రున తలుపు నెట్టి లోపలికి పోయింది.

"ఆమె నీళ్లు ఆమెకెప్పుడిస్తరు?"

పెద్ద మాంత్రికుడు గడ్డం సవరించుకున్నాడు. "ఉపసంఘం వేశాం. వారి అభిప్రాయం అందిన పిమ్మట..."

"సముద్రాలు ఇంకించెటోళ్లు! ఒక్క ఏరు మళ్లియ్యనీకి చాత గాదా?"

"చేతనవును. చేయగలగడం వేరు, చేస్తామనడం వేరు."

ఏడుగురిలో ఇన్నాళ్లూ నోరు మెదపని ఒక మాంత్రికురాలు చివరి కుర్చీలోంచి లేచింది. "నువ్వే కూర్చుని తీర్పు చెప్పు తల్లీ. నావల్ల కాలేదు."

నవనీత కూర్చుంది. కుర్చీ మెత్తగా, చల్లగా ఉంది. బయట యాదమ్మ దగ్గు ఎక్కడో పక్క ఊళ్లోంచి వినిపించినట్టుంది. ఇచ్చేశాం అందామని నోరు తెరిచింది. నాలుక మీదికి "పరి..." అని తియ్యగా జారుకుంటూ వచ్చింది. పళ్లు బిగబట్టి, బల్లను రెండు చేతులా నెట్టి లేచింది. నిలబడ్డాక గొంతు తనదయింది.

"ఇచ్చినం. యాదమ్మ నీళ్లు యాదమ్మకు ఇచ్చినం."

మండలిలో అన్న మాటకు తిరుగులేదు. మాంత్రికులు తలలు వంచారు. ఆ అంతస్తులోని కంప్యూటర్లన్నిటిలోనూ ఏరు గట్టువైపు మళ్లింది. ఎవరెంత తంటాలు పడ్డా వెనక్కి తిరగలేదు.

"రేపట్నుంచి మీరు రావద్దన్నారండి," అని పార్థసారథి నేల చూపులు చూస్తూ చెప్పాడు.

సాయంత్రం ఇంటికి నడక. యాదమ్మ కూడా వెంట వచ్చింది, నిన్ను ఇంటికాడ దించి మా ఊరికి పోతా అంటూ. బోరబండ దగ్గర సమ్మె ఊరేగింపు ఎదురైంది. ఉద్యోగం పోతుందన్న భయంతో ఇన్నాళ్లూ ఇలాంటివి కనబడితే పక్క గల్లీలోకి తిరిగిపోయేది నవనీత. ఆ రోజూ కాళ్లు అలవాటుగా అటే తిరిగాయి.

యాదమ్మ మాత్రం ముందు నడుస్తున్న ఒకతన్ని ఆపింది. "ఏమడుగుతున్నరు బిడ్డా?"

"మా రాష్ట్రం మాకు గావాలె అవ్వా."

"ఎన్నేండ్ల సంది?"

"మా నాయిన చిన్నప్పటి సంది."

యాదమ్మ కొంగు నడుముకు దోపుకుని వరసలో కలిసింది. "రా బిడ్డా," అని వెనక్కి తిరిగి చెయ్యి చాచింది.

నవనీత ఆ చెయ్యి పట్టుకుంది.