బెల్టు పట్టిన గుండె

పొద్దుటి నుంచి నొప్పులు పడి పడి కూతురు సొమ్మసిల్లినట్టు కళ్లు మూసుకుంది. ఆమె పొట్టకు కట్టిన బెల్టు బిడ్డ గుండె చప్పుడును మిషన్‌లో గబగబా వినిపిస్తుంటే, ఆ ధైర్యంతో పక్కనున్న తల్లి కూడా ఓ కునుకు తీసింది. మెలకువ వచ్చేసరికి చప్పుడు బాగా నెమ్మదించి ఉంది. కూతురికి కిందటి కాన్పులో బిడ్డ దక్కలేదు. తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"సిస్టరమ్మా! చప్పుడు పడిపోతోంది, త్వరగా రా తల్లీ!"

నర్సు పరుగున వచ్చి, కూతురి నాడి పట్టుకుని మిషన్ చప్పుడుతో పోల్చి చూసింది.

"ఇది మీ అమ్మాయి గుండె పిన్నిగారూ. బెల్టు జారి, బిడ్డది వదిలేసి ఈమెది పట్టుకుంది."

"దానిది సరేనమ్మా, బిడ్డది ఏదీ?"

నర్సు బెల్టు కింద చప్పుడు పట్టే బిళ్లను పొట్ట మీద అటూ ఇటూ జరిపింది. చివరికి బొడ్డు పక్కన ఆ గబగబ చప్పుడు మళ్లీ దొరికింది.

"ఇదిగో, ఇటొచ్చి దాక్కున్నారు దొరగారు!" అని నర్సు నవ్వింది.

కూతురు కళ్లు తెరవకుండానే అంది: "నా గుండె అనేసరికి నీకు అక్కర్లేకపోయిందా అమ్మా?"

తల్లి కూతురి చెమట పట్టిన నుదుటి మీది జుట్టు వెనక్కి తోసి, "ముందు నువ్వు నాకు దక్కాలే," అంది.