కిటికీలు మింగిన గదులు

"ఆ చొక్కా నేను ఇస్త్రీ చెయ్యనంటే చెయ్యను. ఎన్నిసార్లడిగినా అదే మాట," అంది ఒకటో తరగతి టీచరు, కడిగిన గిన్నెల్ని దబదబా బోర్లిస్తూ.

"నేనడిగేది చొక్కా గురించి. నువ్వు మాట్లాడేది గోడ గురించి," అన్నాడు భర్త.

పొద్దుటినుంచీ ఇదే వరస. చొక్కా కుర్చీ వీపున నలిగిపోయి వేలాడుతోంది. మర్నాడు ఆమె బళ్లో కొత్త గదుల ప్రారంభం. ప్లాను గీసిన ఇంజనీరు ఆయనే.

"నేను చేస్తాలే నాన్నా," అని లేవబోయింది కూతురు.

"కూర్చో. ఆయనకీ చేతులున్నాయి."

ఊరు పెరిగింది. బెంచీకి ముగ్గురు కూర్చునే చోట పిల్లలు ఐదుగురేసి ఇరుక్కున్నారు. గదులు కావాలని అందరికంటే ఎక్కువ మొత్తుకున్నది ఆమే. గదులు వచ్చాయి. తన తరగతి వెనకగోడకు ఆనుకునే వచ్చాయి. ఆ గదికి కిటికీలున్నది ఆ గోడకే. ముందున్న వరండాని కూడా మూసేసి ఆఫీసు గది చేశారు. మధ్యలో ఒకటో తరగతి, మూతపెట్టిన డబ్బాలా మిగిలింది.

ప్లాను ఈ భోజనాల బల్ల మీదే పరిచాడాయన. కొత్త గదులకు తలుపులూ కిటికీలూ బెంచీలతో సహా గీశాడు. పాత కట్టడాన్ని మాత్రం ఒక చట్రం గీసి, లోపల అడ్డగీతలు కొట్టి వదిలేశాడు. మార్పులు చెయ్యని కట్టడాన్ని వాళ్ల ఆఫీసులో అలాగే చూపిస్తారట. ఆ అడ్డగీతల్లో కిటికీలు లేవు. "ఇక్కడ నా కిటికీలున్నాయండీ," అని ఆమె వేలు పెట్టి చూపిస్తే నవ్వాడు. "ఇది నీ నల్లబల్ల కాదు, తుడిచి మళ్లీ రాయడానికి," అన్నాడు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"లైట్లు పెట్టించాను. ఫ్యాన్లు పెట్టించాను. ఇంకేం కావాలి నీకు?"

"నిన్న కరెంటు పోయింది. అప్పుడెక్కడున్నాయి మీ లైట్లు?"

కరెంటు పోగానే పిల్లలు ముందు కేరింతలు కొట్టారు. తర్వాత ఎవరో ఒకరు ఏడుపు లంకించుకున్నారు. అంతే, గదంతా ఏడుపే. తలుపెటుందో తెలియక ఒకళ్లమీదొకళ్లు పడ్డారు. ఒక పిల్లకి బెంచీ అంచు తగిలి పెదవి చిట్లింది. ఒకరి చొక్కా ఒకరికి పట్టించి, గోడ తడుముకుంటూ బయటికి తెచ్చుకుంది టీచరు. ఎండలోకి వచ్చాక చూసుకుంటే ఆమె చేతులకీ రక్తం అంటి ఉంది.

"ఒరేయ్, గాలికీ వెలుగుకీ కూడా నీ ఆఫీసు అనుమతి కావాలట్రా?" అంది అత్తగారు, కూరలు తరుగుతూనే.

"నువ్వు కూడా మొదలెట్టకమ్మా."

"నేనెక్కడ మొదలెట్టాను? మీ ఆవిడ మొదలెట్టి ఆర్నెల్లయింది. నీకే వినపడలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. "ఇప్పుడేం చెయ్యమంటారు? కొత్త గది కూలగొట్టనా? రంగు ఆరకముందే? రేపు నా మొహాన ఉమ్మేస్తారు!"

"ఒక్క గది. నా గది వెనకున్నది. అది తీసేస్తే సందులోంచి వెలుగొస్తుంది. మిగతావన్నీ మీవే."

"శిలాఫలకం మీద ఎనిమిది గదులని చెక్కేశారు."

ఆమె చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. "ఏంటీ? రాతి మీద అంకె తప్పుతుందని పసివాళ్లని చీకట్లో కూర్చోబెట్టాలా?"

"తప్పే. తప్పయింది. ఒప్పుకుంటున్నాను కదా! ముందు రేపటిది కానియ్యి. తర్వాత చూద్దాం."

తర్వాత చూద్దాం. ఈ మాట ఆమె బళ్లో బోలెడుసార్లు విన్నది. ఒకసారి రిబ్బను కత్తిరించి చప్పట్లు కొట్టాక ఆ గోడ జోలికి ఎవరూ రారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసే అంటున్నాడు. అక్కడే ఆమెకు కోపం మంట తగ్గి గడ్డకట్టింది. చేతులు తుడుచుకుని పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. చాలాసేపు ఫోన్లో ఆమె గొంతు వినపడుతూనే ఉంది.

అన్నాలకి కూర్చున్నారు. ఆమె అందరికీ వడ్డించి, తనూ కంచం ముందు కూర్చుంది. గొంతు పెంచలేదు.

"మా బడి పెద్దమేడమ్‌తో మాట్లాడాను. రేపు సభ మైదానంలో కాదు, నా తరగతి గదిలో. పిల్లల అమ్మానాన్నలకీ, ప్రారంభానికొచ్చే పెద్దాయనకీ కబురు పంపాం. అందరూ ఆ బెంచీల మీదే కూర్చుంటారు. తలుపు వేసి, లైట్లు ఆర్పి, అప్పుడు నేను మాట్లాడతాను. వెనక గది తీసేదాకా నా పిల్లలు మా తరగతి గదిలో అడుగుపెట్టరు. ఆఫీసు గదిలో పాఠం చెప్పుకుంటాం, పెద్దమేడమ్ ఒప్పుకుంది."

అత్తగారు మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేసింది. కూతురు తండ్రి వైపు చూసింది.

"ప్లాను గీసిందెవరో కూడా చెప్తాను," అంది ఆమె ఆయన వైపు తిరిగి. "మీరొస్తే మీరే చెప్పుకోవచ్చు."