పాచి జాలి

ఓదెలు జాలిని సగమే గీకాడు. మిగతా సగం మీది పాచిని వేలితో కూడా తాకలేదు. జాలిని మళ్ళీ టిఫిన్ డబ్బాలో వేలాడదీసి మోటరు వేశాడు. కోత పెట్టిన పైపులోంచి ఉప్పునీళ్ళు పలచగా జాలి మీదుగా జారి అద్దాల తొట్టిలోకి దిగాయి. తొట్టిలో ఒకే ఒక్క సముద్రపు చేప, నారింజ రంగుది, తెల్ల పట్టీలది.

బదిలీ మీద పోతూ ఒక ఇంజనీరు వదిలేసిన తొట్టి అది. బతుకంతా భూపాలపల్లి గనిలో పంపు నడిపి నీళ్ళు తోడిపోసేవాడికి ఇంకో నీళ్ళ తొట్టి అంటగట్టాడు, భలే మనిషి! అంగట్లో దొరికే ఫిల్టరేమో తొట్టికన్నా పెద్దది. చేప తన మురికిలోనే నీరసపడి అడుగుకు చేరింది. ఆ మురికే పాచికి తిండి. పాచిని తొట్టిలో కాక పక్కన పెంచితే నీళ్ళు తేటపడతాయనుకున్నాడు ఓదెలు. టిఫిన్ డబ్బాకు కన్నం పెట్టాడు, ప్లాస్టిక్ జాలిని రంపం బ్లేడుతో గరుకు చేశాడు, ఎదురుగా బల్బు బిగించాడు. మొదట చేసినవన్నీ కారిపోయాయి. చివరిదానికి పాచి పట్టింది, చేప పైకి లేచింది. పిల్లల్లేని ఆ ఇంట్లో ఆ పూట మొగుడూ పెళ్ళాం పాయసం వండుకున్నారంటే నమ్మాలి మరి.

"సగం ఉంచవట్టే బతుకుతాంది. మొత్తం గీకితె చేప పానం పోతది," అన్నాడు ఓదెలు, పనికి బయల్దేరుతూ.

"నాకెరుకనే తియ్. దినాం గదే పాట," అంది పెళ్ళాం సరోజన, అన్నం డబ్బా చేతికిస్తూ.

ఆ రోజు గనిలో ఊపిరాడక ఓదెలు రెండుసార్లు పంపు పక్కన కూలబడ్డాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే అలవాటు ఆయనకెప్పుడు ఏడ్చింది గనక! మధ్యాహ్నం క్వార్టరుకు వచ్చి చేపకు మేత వేసి, తొట్టి ముందు కుర్చీలో కూర్చున్నాడు. సరోజన చాయ తెచ్చేసరికి తల వాలి ఉంది. కునుకు తీస్తున్నాడనుకుని గ్లాసు మీద మూత పెట్టింది.

మూడో నాడు పిట్టకు పిండం పెట్టే ముందు చుట్టాలంతా కలిసి ఇల్లు కడిగారు. సరోజనను లోపలి గదిలో కూర్చోబెట్టి ఏ పనీ ముట్టనివ్వలేదు. ఆమెకు అప్పటిదాకా కన్నీటి చుక్క రాలేదు.

సాయంత్రం ఓదెలు అక్క పోశక్క చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"తమ్మునికి ఆ చేపంటె పానం గద, సరోజనా. డబ్బ నిండ పాచే ఉండె. మోటర్ బందువెట్టి, సబ్బువెట్టి జాలి మంచిగ తోమిన."

సరోజన దిగ్గున లేచి తొట్టి దగ్గరికి ఉరికింది. చేప నీళ్ళ మీద పక్కకు తిరిగి తేలుతోంది.

"ఇప్పుడు పోయిండు వదినె... ఇప్పుడు పోయిండు," అని నేల మీద పడి గుండెలు బాదుకుంది.

"ఏడ్వు బిడ్డా, ఏడ్వు. లోపల దాచుకోవద్దు," అంటూ పోశక్క ఆమె తల నిమిరింది.

పెరట్లో ఉతికిన దుప్పట్ల పక్కన, తీగ మీద, జాలి మరకన్నది లేకుండా తెల్లగా ఆరుతోంది.