కొమురమ్మ కొట్టిన గుండు

కాలనీల్లో పడవలు తిరిగిన వరద వచ్చిందే, దానికి అది నాలుగో ఏడు. రాయదుర్గంలో మొగిలి కాపలా కాసే జాగాలో ఒక్క రాతి గుండే మిగిలింది. మర్నాడు పొద్దున దాన్నీ పగలగొట్టడానికి మిషన్ వస్తుంది.

పక్క భవనంలో స్టూడియో ఉంది. ఏసు పాటలు పాడే పిల్లలు నెల రోజులుగా అక్కడ ఆల్బమ్ రికార్డు చేస్తున్నారు. ఏడు పాటలు అయిపోయాయి. ఎనిమిదో పాటలో గంట మోగాలి. కీబోర్డులో ఉన్న గంటలేవీ షారోన్‌కు నచ్చలేదు. పాడేది ఆ అమ్మాయే, నెల్లూరు పిల్ల. సాయంత్రం చాయ్ బండి దగ్గర ఆమె, రికార్డింగ్ చూసుకునే లోహిత్ ఆ గంట కోసమే కొట్లాడుకుంటుంటే మొగిలి గ్లాసు కింద పెట్టాడు.

"గంట గావాల్నా? మా గుండు మోగుతది. రేపైతే ఉండది."

"రాయి మోగుడేంది తాతా! అప్పుడే మందేసినవా ఏంది?" లోహిత్ నవ్వాడు.

"జర వచ్చి ఇను. అప్పుడు నవ్వు."

మైకు పట్టుకొని వచ్చారు. మొగిలి సుత్తి ఎత్తి కొట్టాడు. దబ్బుమంది. ఇంకోచోట కొట్టాడు. అదే దబ్బు. లోహిత్ వైర్లు చుట్టబోయాడు.

మొగిలికి చెమట పట్టింది. ముప్పై ఏళ్లు రాళ్లు కొట్టిన చెయ్యి అది, పగలగొట్టడమే దానికి తెలుసు. ఈ గుండును అతను ఎన్నడూ మోగించలేదు. మోగించింది కొమురమ్మ. అతను అవతల రాళ్ల గుట్ట మీద ఉంటే, అన్నం కాగానే దీని మీద మూడు దెబ్బలు వేసేది. పెళ్లాం పిలుపు అంత దూరం వినిపించేది. వరద వచ్చిన ఏడే ఆమె జ్వరంతో పోయింది. ఆ చప్పుడు ఇవాళ దొరకకపోతే ఇక లేదు.

సుత్తి పక్కన పడేసి రాయిని చేత్తో తడిమాడు. నడుమెత్తులో ఒకచోట నున్నటి గుంట తగిలింది. గుప్పెడంత గుండ్రాయి ఏరి షారోన్ చేతిలో పెట్టాడు.

"ఈడ కొట్టు బిడ్డా. అల్కగ. మూడే."

"మీరే కొట్టండి తాతగారూ."

"నేను కొట్టెటోన్ని గాదు, ఇనెటోన్ని."

గేటు దాకా నడిచి వెనక్కి తిరిగాడు. "బువ్వకు పిలిచే సప్పుడు ఇది. మీ దేవుని పాటకు నడుస్తదా?"

"ఆయన కూడా అందర్నీ భోజనానికి పిలిచినవాడేనండీ."

మూడు దెబ్బలు పడ్డాయి. ఆ మోత సన్నగా, అప్పటిలాగే గేటు దాకా వచ్చింది. తనకు తెలియకుండానే మొగిలి ఒక అడుగు ముందుకు వేశాడు. కడుపులో ఆకలి కదిలింది.

చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్న లోహిత్ ఇప్పుడు నవ్వడం లేదు. "ఇంకొక్కటి కొట్టిద్దామా తాతా?"

"వద్దు. మా కొమురమ్మ నాలుగోది కొట్టిందంటే కోపమొచ్చినట్టు."

మర్నాడు పొద్దున మిషన్ వచ్చింది. మొగిలి గేటు తెరిచాడు. ఏ పక్క నుంచి కొడితే గుండు తొందరగా విడిపోతుందో డ్రైవరుకు చేత్తో చూపించాడు.