లాయరమ్మతో చెప్పిన మాట

తాగి కారు నడిపినవాడు గుద్దేసినప్పటి నుంచి వడ్రంగి కుడిచేయి పైకి లేవడం లేదు. నష్టపరిహారం కేసు చూస్తున్న లాయరమ్మ ఇంటికి వస్తే అతను గలగలా మాట్లాడేవాడు. భార్య అన్నం తినిపిస్తుంటే మాత్రం గోడకేసి చూసేవాడు.

ఒకరోజు టీ తెస్తూ ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"హారన్ వినబడితే చాలు మేడమ్, ఒళ్ళంతా చెమటలు పట్టేస్తాయి," అంటున్నాడు లోపల.

ఆమెకు ఒళ్ళు మండింది. కట్టుకున్నదానికి చెప్పని మాట ఆవిడకు చెబుతాడా!

లాయరమ్మ వెళ్ళగానే నిలదీసింది. "నాతో ఒక్క ముక్కైనా అన్నారా?"

"ఆవిడ రాసుకుంటుంది. నువ్వు ఏడుస్తావు."

మరుసటిసారి ఆమె కుర్చీ లాక్కుని మొగుడి పక్కనే కూర్చుంది. "నిద్ర పడుతోందా?" అని లాయరమ్మ అడగ్గానే అతన్ని నోరు తెరవనివ్వలేదు.

"ఆయన్నేం అడుగుతారు? ఉలిక్కిపడి లేచేది ఆయన, పట్టుకుని పడుకోబెట్టేది నేను. నన్నడగండి."

కన్ను చెమర్చలేదు, గొంతు వణకలేదు. అతను తెల్లబోయి చూశాడు.

"అయితే కోర్టులో మీరూ సాక్ష్యం చెప్పాలి," అంది లాయరమ్మ.

చెప్పింది. తీర్పు అనుకూలంగా వచ్చిన రోజు అతను ముందు లాయరమ్మకే కృతజ్ఞతలు చెప్పాడు. భార్యకు మళ్ళీ ఒళ్ళు మండింది. లాయరమ్మ ఇంకేదో అనబోతుంటే, "పదండి, ఆకలేస్తోంది," అంటూ అతని ఎడమచేయి పట్టుకుని కోర్టు మెట్లు దింపేసింది.