పులి పాదం, ఇప్పపువ్వు

మా ఇంట్లోకి పేకముక్క రాకూడదు. ఈ షరతు మా అమ్మ శాంతమ్మ పెళ్లికి ముందే పెట్టింది. ఆళ్లగడ్డలో కుర్రతనంలో మా నాయన పేకాటలో కూర్చుని క్రిస్మస్ ఆరాధన సంగతే మరిచిపోయాడట. అందుకని బైబిలు మీద చెయ్యి పెట్టించి మరీ మాట తీసుకుంది. మా నాయన జ్ఞానప్రకాశం మాట తప్పే మనిషి కాదు. నంద్యాలలో మిషన్ బడి పంతులు. పదిహేనేళ్లు ముక్క ముట్టలేదు. పంతొమ్మిదివందల డెబ్బయ్యిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, జేబులోంచి అయిదు పాచికలు తీసి చాప మీద వదిలాడు.

"ఇవి ముక్కలు కాదు శాంతా. కట్టె," అన్నాడు.

అమ్మ ఒక పాచికను ఆరువైపులా తిప్పి చూసింది. "కట్టె సరే. ఈ బుద్ధి యాడిది?" అంది. అంది కానీ పాచికను కింద పెట్టలేదు.

వాటిని చెక్కింది పెద్దన్న. నల్లమల చెంచాయన, ఆళ్లగడ్డకు తేనె తెచ్చి అమ్మేవాడు. పాచికకు ఆరు ముఖాలు: ఆసు, రాజు, రాణి, జాకీ, పది, తొమ్మిది. పెద్దన్న పేకముక్కలు ఎరగడు. రాజంటే ఎట్లుంటాడు సారూ అని అడిగాడట. నాయన కిరీటం గురించి చెప్పబోతే, "అదంతా నాకు తెల్దు. నేను పులిని చూసినా," అని రాజుకు పులి పాదం చెక్కాడు. నడుమ పెద్ద గుంట, దాని మీద నాలుగు చిన్న గుంటలు. రాణికి ఇప్పపువ్వు, నడుమ గుంట, చుట్టూ రేకులు. జాకీకి బాణం, ఆసుకు ఒంటి చుక్క, పదికి కత్తెర గీతలు, తొమ్మిదికి కొడవలి. కొత్తలో ఆ గుర్తులు ఎంత లోతుగా ఉండేవంటే కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలిసేవి.

అమ్మ మూడు ఆదివారాలు ఆలోచించి, క్యాలెండరు కాగితం వెనక రూల్సు రాసి, బీరువా తలుపుకు లోపలివైపు అంటించింది. దుడ్లు పెట్టి ఆడకూడదు, చింతగింజలే. ఒక్కొక్కరికి మూడు వేతలు, అంటే మూడుసార్లు వేయడం, నచ్చినవి ఉంచుకుని మిగతావి మళ్లీ వేయొచ్చు. ఇక ఒకదాన్ని మించి ఒకటి: రెండు ఒకటే పడితే జోడీ. రెండు జోడీలు పడితే వియ్యంకులు. మూడు ఒకటైతే జ్ఞానులు, బేత్లెహేముకు వచ్చినవాళ్లు. మూడూ రెండూ కలిసి పడితే చుట్టాలొచ్చిన ఇల్లు. నాలుగు ఒకటే పడితే మంచం కోళ్లు. అయిదూ ఒకటే పడితే గుప్పిడి, అది మా ఇంట్లో ఎవరికీ పడలేదు. పన్నెండేళ్లు నిండనివాళ్లు ఆడకూడదు. ఆ రూలు నా ఒక్కదాని కోసమే రాసిందని ఇప్పటికీ నా నమ్మకం.

అసలు రూలు వేరే ఉంది. ఎవరు వేసిన పాచికలు వాళ్లు చదవకూడదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు చదవాలి. "ఎవురి కండ్లు వాళ్ల లాభమే చూస్తాయి," అని అమ్మ వాదన. చదివేవరకూ వేసినవాళ్లు నోరు తెరవకూడదు. తెరిస్తే ఒక గింజ జరిమానా.

ఆ రోజు గెలిచినవాళ్లకు పాచికల డబ్బా వారం రోజులు. తలకింద పెట్టుకుని పడుకోవచ్చు. అదొక పాత బిస్కెట్ల రేకు డబ్బా. మా అన్న సుందరరాజు దాన్ని తలకింద పెట్టుకున్న వారమంతా పొద్దున లేచి కలలు చెప్పేవాడు. పులి పాదాల రాజు నల్లమల దిగి వచ్చాడనీ, రాణి జడలో ఇప్పపూలు రాలుతున్నాయనీ. అబద్ధాలని తెలుసు. అయినా నాకు కడుపు రగిలిపోయేది. ఆరేళ్లు నేను చాప పక్కన నాపరాళ్ల మీద చెంప ఆనించి పడుకుని ఆట చూశాను. ఎండ కిటికీలోంచి వచ్చి నేల మీద కదలకుండా కూర్చునేది. పాచికలు దొర్లే చప్పుడుకు రెప్పలు మూతలు పడేవి. ఆ చప్పుడులో ఎవరో మెత్తని కాళ్లతో నా తలచుట్టూ నడుస్తున్నట్టే ఉండేది. లేచేసరికి ఆట అయిపోయేది, డబ్బా ఇంకెవరి చేతిలోనో ఉండేది.

డెబ్బయ్యారు నవంబరులో నాకు పన్నెండు నిండాయి. అమ్మ నన్ను నాయన ఎదురుగా కూర్చోబెట్టింది. అంటే నా పాచికలు ఆయన చదవాలి.

నాకు కోపమెక్కువ. ఇంట్లో అందరూ అనేవాళ్లు, నేను ఒప్పుకునేదాన్ని కాదు, ఒప్పుకోమంటే ఇంకా కోపం వచ్చేది. మా నాయన నా పాచికలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రుద్ది, తీరుబడిగా తప్పు చదివేవాడు. "రాజు," అనేవాడు. "రాజు కాదు నాయనా, రాణి," అని నేను అరిచేదాన్ని. "ఓహో, రాణే," అని దిద్దుకునేవాడు. నాకు ఒక గింజ జరిమానా. నన్ను ఏడిపించడానికే ఇట్లా చేస్తున్నాడని ఒళ్లు మండిపోయేది. ఆరు నెలలు జరిమానాలకే నా గింజలన్నీ పోయాయి. ఒక్క ఆదివారం గెలవలేదు. డబ్బా నా తలకిందికి రాలేదు.

సాయంత్రాలు ఆయన బడి నోటుపుస్తకాలు నాచేత గట్టిగా చదివించి, తప్పులు కూడా నాచేతనే దిద్దించేవాడు. "నీ దస్తూరి బాగుపడతాది పాపా," అనేవాడు. సోమరితనం అనుకున్నాను.

డెబ్బయ్యేడు మేలో, హెడ్మాస్టరు ప్రభుదాసు సారు చర్చి నుంచి మాతోబాటు అన్నానికి వచ్చాడు. నాయనకు పాత స్నేహితుడే. చేతులు కడుక్కున్నాక మాట బయటపెట్టాడు.

"జ్ఞానప్రకాశం, పిల్లోళ్ల తల్లిదండ్రులు ఏదో అంటాండారప్పా. ఏడాదిగా నువ్వు బోర్డు మీద అక్షరం రాయలేదంట. కండ్లు కనపడవంట. నిజమైతే కమిటీకి నేను చెప్పకతప్పదు. వాళ్లు ఒక నెల కూడా ఉంచరు."

"రిటైరుకు ఇంకా రెండేండ్లుంది సార్," అంది అమ్మ. ఆమె గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"అందుకే అడుగుతాండానమ్మా, ముందుగా వచ్చి."

నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాను. మా నాయనకు కళ్లు కనపడవా? నా గింజలు లాక్కునేటప్పుడు బాగానే కనపడతాయే అనుకున్నాను.

నాయన నవ్వాడు. "కూచో అప్పా. ఆదివారం మా ఇంట్లో ఆట ఉంటాది. చూసిపో. నేను పాచికలు చదువుతా, నా కండ్లు కనపడతాయో లేదో నువ్వే చెప్పు."

అమ్మ ముఖం పాలిపోయింది. డబ్బా తేవడానికి చాలాసేపు పట్టింది.

ఆడాం. ప్రభుదాసు సారు కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు. నాయన బొటనవేలు ఆ రోజు తప్పుపోలేదు. బాణం, కత్తెర, కొడవలి, అన్నీ సరిగ్గా చదివాడు. నేనూ నోరు తెరవలేదు, కాబట్టి జరిమానా లేదు. నా ముందు గింజల కుప్ప పెరిగింది. చివరి ఆటకు వచ్చేసరికి సుందరరాజు కుప్పా నా కుప్పా సమానంగా ఉన్నాయి. వాడికి జ్ఞానులు పడ్డారు. నాకు అంతకన్నా పెద్దది పడాలి.

మొదటి వేతకు రెండు పువ్వులు. మామూలుగా నాకు ఓపిక ఉండదు, అన్నీ ఎత్తి మళ్లీ వేస్తాను. ఆ రోజు ఉంచుకున్నాను. రెండో వేతకు మూడో పువ్వు. మూడో వేతకు ఒక ఆసు, ఒక పువ్వు. నాలుగు రాణులు. మంచం కోళ్లు. డబ్బా నాదే. ఈ వారమంతా నాదే.

నాయన పాచికలు తీసుకున్నాడు. "ఆసు," అన్నాడు. "రాణి. రాణి." తరవాతిదాన్ని ఎక్కువసేపు రుద్దాడు. "రాజు." చివరిదాన్నీ రుద్దాడు. "రాజు. వియ్యంకులు."

నేను నోరు తెరిచాను. అరుపు నాలుక మీదికి వచ్చేసింది. అప్పుడు ఆయన ముఖం చూశాను.

ఆయన పాచికల వంక చూడటంలేదు. తల కొంచెం పైకెత్తి, చెవి నావైపు తిప్పి ఉన్నాడు. నా అరుపు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం అదే చేశాడు. అరిగిన పాదమూ పువ్వూ ఆ బొటనవేలికి ఒకటే. అమ్మ నన్ను ఆయన ఎదురుగా ఎందుకు కూర్చోబెట్టిందో నాకు ఆ ఒక్క క్షణంలో తెలిసింది. నా కోపమే ఆయనకు కళ్లు.

నోరు మూసుకున్నాను. సుందరరాజు ఏదో అనబోతే అమ్మ వాడి చేతిలో గుప్పెడు కారం బొరుగులు పెట్టి, "తిను," అంది.

"ఏం పాపా, మీ నాయన సరిగ్గా చదివినాడా?" అన్నాడు ప్రభుదాసు సారు.

"చదివినాడు సార్."

సారు వంగి రెండు పాచికలు చేతిలోకి తీసుకున్నాడు. "ఇది పువ్వు. ఇదీ పువ్వే. ఒకదాన్ని రాణి అన్నాడు, ఒకదాన్ని రాజు అన్నాడు. ఇదేంది?"

నాయన చేతులు చాప మీద ఆగిపోయాయి. తప్పు చదివానని ఆయనకు అప్పుడు తెలిసింది.

"మా ఆటలో అంతే సార్," అన్నాను. "పులి పాదమూ పువ్వూ ఒకటే. రాజన్నా రాణన్నా చదివేటోళ్ల ఇష్టం. చదివిందే లెక్క. అది మా రూలు."

"అట్లయితే నువ్వు ఓడిపోయినావు గదా?"

"ఓడిపోయినా సార్," అన్నాను. ఇక ఏడుపు ఆగలేదు. డబ్బా పోయినందుకూ, నాయనకూ, అన్నిటికీ కలిపి ఏడ్చాను. పిల్ల ఆటలో ఓడి ఏడుస్తోందని సారు అనుకుంటే అనుకోనీ అనుకున్నాను.

"యాడుందమ్మా ఆ రూలు?" అని అమ్మను అడిగాడు ప్రభుదాసు సారు.

మా అమ్మ జన్మలో అబద్ధమాడి ఎరగదు. లేచి, బీరువా తలుపు తీసి, కాగితం మీద వేలు పెట్టి చదివింది. "ఏడో రూలు. పులి పాదము, ఇప్పపువ్వు సమానము. చదివినదే లెక్క." కాగితం మీద ఆరు రూల్సే ఉన్నాయి.

ప్రభుదాసు సారు లేచి బీరువా దగ్గరికి పోలేదు. పోయి ఉంటే రెండడుగులే. కండువా సర్దుకుని, "మీ ఇంటి రూల్సు నాకెందుకులే అమ్మా," అన్నాడు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, "రెండేండ్లు ఎట్లో గడిచిపోతాయిలే అప్పా. పాపను బడికి నీతోనే తీసుకురా, పుస్తకాలు మోస్తాది," అన్నాడు.

ఆయన పోయాక అమ్మ కలం సిరాలో ముంచి ఏడో రూలు రాసింది. రాస్తూ ఏడ్చింది. నాయన చాప మీద పాచికలను ఒక్కొక్కటే తడుముతూ డబ్బాలో వేశాడు. డబ్బా సుందరరాజు తీసుకుపోయాడు. ఆ వారం వాడు కలలు చెప్పలేదు.

రెండేళ్లూ గడిచాయి. నాయన రిటైరయ్యాక ఇద్దరూ ఆళ్లగడ్డకు పోయారు. నాకు నంద్యాల పక్కనే బండి ఆత్మకూరులో టీచరు ఉద్యోగం వచ్చింది. నేను నా బడి పిల్లల నోటుపుస్తకాలు దిద్దేటప్పుడు ఇప్పటికీ గట్టిగా చదువుతాను, పక్కవాళ్లు నవ్వుతారు.

ఎనభై ఆరులో ఒక ఆదివారం ఆళ్లగడ్డకు పోయాను. అప్పటికి నాయనకు వెలుగు కూడా తెలియడంలేదు. అన్నాలయ్యాక అమ్మ డబ్బా తెచ్చింది. పాచికలు పదహారేళ్లుగా వేళ్ల కింద అరిగి నున్నగా అయిపోయాయి. ఏది పాదమో ఏది పువ్వో నాకే తెలియలేదు. అయినా వేశాను. ఆయన ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే తీసుకుని రుద్దాడు.

"ఆసు," అన్నాడు. "రాణి. రాణి. రాణి." అయిదోదాన్ని అరచేతిలో పెట్టుకుని పిడికిలి మూశాడు. "రాణి."

"అవి అరిగిపోయినాయి నాయనా. నీకేం తెలుస్తాది?"

"నోరు తెరిచినావు. ఒక గింజ జరిమానా," అన్నాడు. "మంచం కోళ్లు. ఆ పొద్దు నీకు పడింది ఇవే కదా పాపా? ఆయప్ప పోయినాంక డబ్బాలో వేస్తా వేస్తా మళ్లా చూసుకున్నా. నాలుగూ పువ్వులే. తొమ్మిదేండ్లాయ, నీకు ఇయ్యాల్సింది ఇయ్యలేదు."

అమ్మ డబ్బా మూతపెట్టి నా ఒళ్లోకి తోసింది. "చదివిందే లెక్క," అంది.

సాయంత్రం బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నల్లమల నీలంగా పక్కనే వస్తోంది. కునుకు పట్టింది. నాపరాళ్ల మీద పులి పాదాల రాజు మెల్లగా నడుస్తున్నాడు. పక్కన ఒక పిల్ల ఆయన వేలు పట్టుకుని, ఈడ గడపుంది, ఆడ మెట్టుంది, చూసుకోవద్దా నాయనా అని గట్టిగా కోప్పడుతోంది. ఆయన ఓహో, ఓహో అంటున్నాడు. కండక్టరు లేపేసరికి బస్సు నంద్యాలలో ఆగి ఉంది.